నూట పన్నెండు గ్రాములు

నా పని పిట్టల్ని రావద్దనడం.
పూడోంగ్ విమానాశ్రయం, సముద్రం వైపు కంచె,
రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా.
ఒక జీపు, ఒక టార్చిలైటు, ఒక గ్యాసు తుపాకీ.
దానికి గుండు ఉండదు. చప్పుడొక్కటే.
నా జీతం ఆ చప్పుడుకే.

ఈ రన్‌వే కింద ఏముందో
పైలట్లకి తెలీదు.
మా అమ్మ బుట్ట నడుముకు కట్టుకుని
మోకాలి లోతు బురదలో గుల్లలేరిన చోటిది.
పోటు ఎప్పుడొస్తుందో గాలి వాసన చూసి చెప్పేది.
ఎండ్రకాయ బొరియల ముందు గొంతుక్కూచున్న నన్ను చూసి
ఒక్క మాటే అనేది: "గెన్‌బావ్, లే."
లేచి పరుగెత్తేవాణ్ణి.
మడమల వెనకే నీళ్లు.

తర్వాత లారీలొచ్చాయి, ఏళ్ల తరబడి ఇసుక పోశాయి.
మమ్మల్ని ఆరో అంతస్తుకి మార్చారు, లిఫ్టు లేదు.
అమ్మ బుట్టలో మట్టి నింపి
బాల్కనీలో ఉల్లికాడలు పెంచింది.
వాసన చూడ్డం మాత్రం మానలేదు.
కిటికీ తీసి, "ఇప్పుడు పోటు" అనేది
ఎవరితోనో.

"పిట్టలకీ వేరే చోటు చూపించాం కదా అంకుల్"
అంటాడు షెన్ యూహాంగ్, మా సూపర్‌వైజర్ కుర్రాడు.
నిజమే. ఏటి మొగలో దిబ్బ మీద
వాటికోసం రెల్లు నాటారు.
చాలావరకు అక్కడికే పోయాయి.
కొన్ని మాత్రం పాత అడ్రసుకే వస్తాయి.
వాటితో వాదించడానికి నేనున్నాను.

నిన్న తెల్లవారుజామున పొగమంచు.
దీపాలు పాలలో పడ్డట్టు తేలుతున్నాయి.
విమానాలన్నీ నేల మీదే.
లోపల నాలుగు గంటల ఆలస్యానికి జనం
కౌంటర్ల మీద అరుస్తున్నారట.
కంచె వలలో ఏదో కొట్టుకుంది.

ఉల్లంకి పిట్ట.
కాలికి పసుపుపచ్చ పట్టీ, దాని మీద మూడక్షరాలు.
యూహాంగ్ ఫోన్లో వెతికి నోరు తెరిచాడు.
"ఆస్ట్రేలియా అంకుల్, వాయవ్య తీరం.
ఐదు రోజులు ఎక్కడా దిగకుండా."
తూకం వేశాను: నూట పన్నెండు గ్రాములు.
బయల్దేరేటప్పుడు దీనికి రెట్టింపుండేదట.
సగం ఒళ్లు దారి పొడుగునా కాల్చుకుంటూ వచ్చి
మా అమ్మ గుల్లలేరిన చోటుని వెతుక్కుంది.
దొరికింది సిమెంటు.

బతికున్నవాటిని దూరంగా వదలాలని రూలు.
నూడుల్స్ అట్టపెట్టెలో పెట్టి
ఒడిలో ఉంచుకుని నడిపాను.
అడుగు నుంచి గోళ్లు గీకిన చప్పుడు,
తర్వాత అదీ లేదు.
రెండుసార్లు జీపు ఆపి మూత ఎత్తి చూశాను.

దక్షిణపు కట్ట కింద ఇంకా కాస్త బురద మిగిలుంది.
పెట్టె వంచాను. బయటికొచ్చింది, కదల్లేదు.
పోటు మొదలైంది.
వాసన నాకూ తెలుస్తుంది, ఎవరికీ చెప్పను.
నీళ్లు దాని వేళ్ల దాకా వచ్చాయి.

పిట్టల్ని బెదిరించే కూత నాకు నోటికొచ్చు.
ఒకసారి రికార్డరు పాడైతే
రాత్రంతా నేనే కూశాను.
చచ్చేముందు పిట్ట పెట్టే కూతట అది.
అన్నీ లేచిపోయాయి.
ఇంటికొచ్చాక రెండు రోజులు గొంతు పెగల్లేదు,
మా ఆవిడ జలుబనుకుంది.

ఆ కూతకే నోరు తెరిచాను.
వచ్చింది వేరే మాట,
మా ఊరి యాసలో, అమ్మ అన్నట్టే:
"లే."

అది వెంటనే లేవలేదు.
ముక్కు బురదలో దింపి ఏదో తిన్నది.
ఇంకోటి తిన్నది.
నా బూట్లలోకి నీళ్లొచ్చాయి, నిలబడ్డాను.
మొదటి విమానం మంచులోంచి పైకి లేచిన మోతకి
రెండూ ఒకేసారి తలెత్తాం.

ఫారంలో 'తీసుకున్న చర్య' అన్న గడి
ఖాళీగా వదిలేశాను.
యూహాంగ్ అడిగితే
పెన్ను తడిసిందంటాను.